పన్నెండు మంది సాక్షులు, ఒకటే మాట

ఛాయాదేవి నడిపే తెల్ల వ్యానులో హీటరు ఉంది. ముందు సీటులో కూర్చుంటే కాళ్లు కాలతాయి, వెనక సీటులో కూర్చుంటే గడ్డకడతాయి. మధ్య సీటులో పక్కకి తిరిగి కూర్చునే రంగయ్యగారికి ఎడమ చెవిలో ఎండాకాలం, కుడి చెవిలో చలికాలం ఒకేసారి నడిచేవి. మేము పన్నెండు మందిమి, అందరం డెబ్భై దాటినవాళ్లం. పిల్లలు ఆఫీసులకు వెళ్లాక ఇంట్లో ఒంటరిగా ఉండకుండా షామ్‌బర్గ్‌లో ఉన్న పెద్దల డే కేర్ సెంటర్‌కి వెళ్లేవాళ్లం. పొద్దున ఏడున్నరకి హానోవర్ పార్క్‌లో మొదటి మనిషిని ఎక్కించుకుని, బార్ట్‌లెట్ చుట్టి, హాఫ్‌మన్ ఎస్టేట్స్ మీదుగా సెంటర్ చేరేసరికి తొమ్మిది అయ్యేది. సాయంత్రం అదే దారి వెనక్కి.

ఛాయాదేవికి నలభై దాటాయి. ఖమ్మంలో బీకాం చదివింది. భర్త తేజేశ్వర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆయన వీసా మీద వచ్చి, ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చుని, చివరికి పని చేసుకునే కార్డు వచ్చాక ఆమెకి మొదట దొరికిన ఉద్యోగం ఈ వ్యాను. ఒకరోజు దారిలో రాధారాణిగారికి షుగర్ పడిపోయి కళ్లు తేలేశారు. అంబులెన్సులో వచ్చిన అమ్మాయి రెండు నిమిషాల్లో ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టింది. అంతసేపూ తాను చెయ్యి పట్టుకుని ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయానని ఛాయాదేవి మనసులో నాటుకుపోయింది. మరుసటి వారమే కాలేజీకి వెళ్లి నర్సింగ్‌లో చేరతానంది. వాళ్లు ముందు ఇంగ్లిషు కోర్సు పాసై రమ్మన్నారు. పరిశోధన చేసి, ఆధారాలు చూపించి, వాదించి రాయడం నేర్పే కోర్సు. అంతా ఆన్‌లైన్. మొదటిసారి చేరి, సగంలో ఓపిక చాలక వదిలేసింది. నర్సింగ్ సీటు కావాలంటే రెండే అవకాశాలు. ఈసారి తప్పితే ఆ తలుపు మూసుకున్నట్టే.

ఇంటికి పోతే వంట, గిన్నెలు, పదో క్లాసు చదివే కూతురు అనిక గొడవలు. ఇవన్నీ అయ్యాక లాప్‌టాప్ తెరిస్తే నిద్ర. అందుకని పాఠాలు వ్యానులోనే స్పీకర్ మీద పెట్టేది. ప్రొఫెసర్ హడ్సన్ అనే ఆవిడ గొంతు, బియ్యంలో రాళ్లు ఏరుతున్నంత నెమ్మదిగా వచ్చేది. మొదట్లో మేము పాత పాటలు పెట్టమని గొడవ చేశాం. దసరా దాటేసరికి వ్యానులో అందరికీ థీసిస్ అంటే ఏమిటో, కౌంటర్ ఆర్గ్యుమెంట్ అంటే ఏమిటో వచ్చేసింది.

"మా కోడలు పెట్టే సాంబారు ఈ స్టేటులోనే లేదు," అన్నారు ఒకరోజు రాధారాణిగారు.

"అది మీ థీసిస్. ఎవిడెన్స్ ఏదీ?" అన్నారు కోటేశ్వరరావుగారు.

"రేపు డబ్బాలో తెస్తాను, తినండి."

"ఒక్క సోర్స్ చాలదండీ. కనీసం అయిదు ఉండాలి."

"అయిదుగురు కోడళ్లని ఎక్కడినుంచి తేను?"

ఛాయాదేవి అద్దంలోంచి మమ్మల్ని చూసి నవ్వేది. కళ్లు మాత్రం ఎర్రగా ఉండేవి. సిగ్నల్ దగ్గర వ్యాను ఆగితే ఒక్క క్షణం రెప్పలు మూసేది. దీపం మారగానే వెనక నుంచి అందరం "గ్రీన్!" అని అరిచేవాళ్లం. ఆ అరుపుకి పక్క కార్లు కూడా ఉలిక్కిపడి కదిలేవి. ఒకసారైతే అడ్డరోడ్డులో ఎర్రదీపం ముందున్న పాల లారీ కూడా బయల్దేరిపోయింది. నమ్మకపోతే రంగయ్యగారిని అడగండి. ఆయనకి సరిగా వినపడదు గానీ చూశారు.

నవంబరులో పెద్ద పేపరు రాయాల్సి వచ్చింది. తమ చుట్టూ ఉన్న ఒక సమస్య తీసుకుని, చదివి, సర్వే చేసి, వాదించాలి. ఛాయాదేవి మా ప్రయాణాన్నే తీసుకుంది. పెద్దవాళ్లని గంటన్నర వ్యానులో కూర్చోబెట్టడం మంచిది కాదు, సెంటర్ ఇంకో వ్యాను పెట్టి ప్రయాణం తగ్గించాలి, ఇదీ ఆమె వాదన. కాళ్ల వాపుల మీద, నడుంనొప్పుల మీద వ్యాసాలు వెతికి చదివింది. ఆరు ప్రశ్నలు తయారుచేసి లింకు మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

"మీకు ఎట్లా అనిపిస్తే అట్లా నింపండి అంకుల్. నాకు ఇది చాలా ఇంపార్టెంట్," అంది దింపుతూ.

కోటేశ్వరరావుగారికి రెండో మాటే వినబడింది. ఆయన ముప్పై ఏళ్లు రెవెన్యూ ఆఫీసులో అర్జీలు తీసుకున్న మనిషి. పెరుగన్నాలు అయ్యాక అందరి ఫోన్లూ బల్ల మీద వరసగా పెట్టించారు.

"ఊరికి రోడ్డు కావాలంటే ఏం చేస్తాం? ఊరంతా ఒకే కాగితం మీద ఒకే మాట రాసి కింద వేలిముద్రలు వేస్తాం. ఒకడు రోడ్డు అని, ఇంకొకడు వంతెన అని రాశాడనుకోండి, ఆఫీసరు ఫైలు పక్కన పడేస్తాడు. మన పిల్ల చదువు ఇది. బలంగా ఉండాలి."

ఎవరూ కాదనలేదు. ప్రతి ప్రశ్నకీ అన్నిటికన్నా ఘోరమైన జవాబు నొక్కాం. చివర అభిప్రాయం రాసే గడిలో ఆయన చెప్పిన వాక్యం అందరం ఎక్కించాం: "ది జర్నీ ఈజ్ కాజింగ్ అన్‌టోల్డ్ హార్డ్‌షిప్ అండ్ మెంటల్ ఏగనీ. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్." అందులో "అన్‌టోల్డ్" నాది. సెంటరుకి ఏడు నిమిషాల దూరంలో ఉండే రంగయ్యగారు కూడా రోజూ గంటన్నర కూర్చుని కాళ్లు వాచిపోతున్నాయని నొక్కారు. నేను చదివిన కాన్వెంటులో ఆవు మీద వ్యాసం రాయమంటే క్లాసంతా ఒకే ఆవు గురించి రాసేవాళ్లం. కొమ్ములు కూడా ఒకే వైపు వంగి ఉండేవి. సిస్టర్ అందరికీ మంచి మార్కులు వేసేది. అందుకని నాకూ ఇందులో తప్పేమీ కనిపించలేదు.

తరువాతి వారం ఒక పొద్దున వ్యానులో పాఠం లేదు.

"స్పీకర్ కట్టేశావేంటమ్మా? ఇవాళ కన్‌క్లూజన్ గురించి కదా?" అన్నారు రాధారాణిగారు.

ఛాయాదేవి హిగిన్స్ రోడ్డు మీద ఒక పరుపుల షాపు ముందు వ్యాను ఆపి, వెనక్కి తిరిగింది.

"అంకుల్, మీరందరూ ఒకటే రాశారు."

"ఒకటే రాయాలి కదమ్మా," అన్నారు కోటేశ్వరరావుగారు సంతోషంగా.

"అక్షరం తేడా లేదు. పదిహేను నిమిషాల్లో అన్నీ వచ్చాయి. నేనే కూర్చుని అన్నీ నింపుకున్నానని ప్రొఫెసర్ అనుకుంటోంది. శుక్రవారం జూమ్‌లో కలవమంది. నా మాట నమ్మకపోతే కమిటీకి పంపిస్తది. అప్పుడు కోర్సు ఫెయిల్. మళ్లీ తీసుకోనియ్యరు అంకుల్. నర్సింగ్ ఇంక లేనట్టే."

కోటేశ్వరరావుగారు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. మెల్లిగా అన్నారు:

"ఆ ప్రొఫెసర్‌కి మేమందరం కలిసి ఒక అర్జీ..."

"వద్దంకుల్! మీకు దండం పెడతా."

"కొంప ముంచింది చాల్లేదా రావుగారూ?" అన్నారు రాధారాణిగారు. "ఇంకా అర్జీలట, అర్జీలు!"

"మీరూ నొక్కారుగా!"

"మీరు ఫోను లాక్కుంటే నొక్కక ఏం చేస్తాను?"

"ఒక్కటి చెప్పండి," అంది ఛాయాదేవి. "మీరు రాసింది నిజమేనా?"

కిటికీలోంచి చూడడానికి పరుపుల షాపు తప్ప ఏమీ లేదు. అందరం దాన్నే చూశాం. ఆమె అరిచినా బాగుండేది. అరిచే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. ముందుకి తిరిగి, ఇండికేటర్ వేసి, బండి రోడ్డెక్కించింది.

శుక్రవారం మేము భోజనాలు చేస్తుంటే ఆమె సెంటర్ పార్కింగులో వ్యానులో కూర్చునే ఆ మీటింగ్ చేసింది. అంతకు ముందు అనిక స్కూలు నుంచి ఫోన్ చేసి ధైర్యం చెప్పిందట. "అమ్మా, జస్ట్ ట్రూత్ చెప్పు. వాళ్లు ఓల్డ్, వాళ్లకి సర్వే ఏంటో తెలీదు అని చెప్పు." ఛాయాదేవి అలాగే చెప్పింది. ప్రొఫెసర్ నవ్వలేదట. అర్జీ అంటే ఏమిటో రెండుసార్లు చెప్పించుకుందట. కమిటీకి పంపను గానీ ఆ సర్వే చెల్లదు, రెండు వారాలిస్తాను, మళ్లీ చెయ్యి అంది. ఒక్కొక్కరినీ విడిగా అడుగు, ప్రయాణం కష్టంగా ఉందా అని అడగకు, మీ ప్రయాణం గురించి చెప్పండి అని ఊరుకో అందట.

సాయంత్రాలు మమ్మల్ని దింపేటప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకుని, మంచు మీద జారకుండా గుమ్మం దాకా నడిపించేది. మొదటి వారం గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడిగింది. ఫోన్‌లో రికార్డు చేసుకుంది. చీకటి తొందరగా పడే రోజులు. వ్యానులో మిగిలినవాళ్లం ఒకరి వంతు అయ్యేదాకా ఇంకొకరం కాచుకునేవాళ్లం. ఆమె ఇంటికి చేరేసరికి తేజేశ్వర్, అనిక తినేసి కంచాలు కడిగేసేవారట.

ఎవరు ఏం చెప్పారో తరువాత ఆమె పేపరు చదివితే మాకు తెలిసింది. పేర్లు పెట్టలేదు గానీ గొంతులు పోల్చుకోవడం కష్టమా?

"ఇంట్లో నాతో మాట్లాడరని కాదు," అన్నారట రాధారాణిగారు. "మాట్లాడతారు. మందు వేసుకున్నావా అంటారు, స్వెట్టర్ వేసుకున్నావా అంటారు. వ్యానులో అయితే నాతో పోట్లాడతారు. దాన్ని తగ్గించకు తల్లీ."

రంగయ్యగారు ఇటూ అటూ చూసి, "నాది ఏడు నిమిషాలే అమ్మా. చివర ఎక్కుతా, ముందు దిగుతా. అందరూ నవ్వుతుంటారు, ఎందుకో తెలుసుకునేలోపు ఇల్లొచ్చేస్తది. నన్ను మొదట ఎక్కించుకునే వీలుంటుందా?" అన్నారట.

కోటేశ్వరరావుగారు మోకాళ్లు నిజంగానే పట్టేస్తున్నాయన్నారు. అయినా తగ్గించవద్దన్నారు. నడుం పడిపోతోంది, తగ్గిస్తే మేలు అన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఒక పెద్దమనిషి మాత్రం అసలు సంగతి చెప్పకుండా గుమ్మం ముందు పది నిమిషాలు, తాను చిన్నప్పుడు పులితో కలిసి రైలెక్కిన కథ చెప్పాడని పేపరులో రాసింది. అది అన్యాయం. పులికి టిక్కెట్ ఉంది.

వారం చివర పొద్దున, అందరం ఎక్కాక, ఛాయాదేవి బండి కదిలించకుండా స్టీరింగ్ మీద చేతులు పెట్టి కూర్చుంది.

"ఇన్ని రోజులూ మీకోసం రాస్తున్నా అనుకున్న అంకుల్. మీ కాళ్లు, మీ నడుములు అని. అందరినీ అడిగిన తర్వాత తెలిసింది. ఈ రోడ్డు మీద అలసిపోయేది నేనే."

"అయితే అదే రాయి," అన్నారు కోటేశ్వరరావుగారు.

"నా గురించి నేను రాసుకుంటే ఏం బాగుంటది?"

"బాగుండడం కాదు, వాదన నిలబడాలి అని మీ ప్రొఫెసరే చెప్పింది కదమ్మా, మూడో వారంలో. నువ్వప్పుడు కునుకు తీస్తున్నావేమో. మేం విన్నాం."

ఆమె కాళ్ల వాపుల వ్యాసాలన్నీ తీసేసింది. మధ్యాహ్నాలు పార్కింగులో ఇంజను ఆపేసి, కోటు వేసుకుని, ఫోను మీద రెండు బొటనవేళ్లతో టైపు చేసింది. లోపలినుంచి రాధారాణిగారు పంపించిన పప్పు, అన్నం పక్క సీటులో చల్లారిపోయేవి. మొదటి పేపరులో తానెవరో ఎక్కడా చెప్పలేదు. ఇందులో మొదటి వాక్యమే, ఈ వ్యాను నడిపేది నేను, అని. ప్రయాణం తగ్గించనక్కర్లేదు, ఎక్కేవాళ్లకి అది కావాలి. రెండు పూటలూ ఒకే మనిషి చేత నడిపించడం మాత్రం ఎవరికీ క్షేమం కాదు, సాయంత్రానికి వేరే డ్రైవర్ ఉండాలి. సిగ్నళ్ల దగ్గర తన కళ్లు మూతపడేవని, వెనకనుంచి అరిచి లేపేవారని కూడా రాసింది. ఉద్యోగం పోతుందేమో అమ్మా అని భయపెట్టాం. అబద్ధం రాసే ఓపిక లేదంది.

డిసెంబరు రెండో వారంలో గ్రేడు వచ్చింది. సి. నర్సింగ్‌కి సి చాలు. ఆధారాలు నిజాయితీగా ఉన్నాయని, పేరాలు చిందరవందరగా ఉన్నాయని, కన్‌క్లూజన్ హడావుడిగా ముగిసిందని ప్రొఫెసర్ రాసింది.

"మరి ఆ పాఠం రోజే కదా నువ్వు స్పీకర్ కట్టేసింది," అన్నారు రాధారాణిగారు కళ్లు తుడుచుకుంటూ.

అందరం చప్పట్లు కొట్టాం. కొట్టడం అయ్యాక, జనవరిలో క్లాసులు మొదలవుతాయని, పండగ సెలవుల తర్వాత తాను రానని ఛాయాదేవి చెప్పింది. ఆ సంగతి మాలో ఒక్కరికీ అప్పటిదాకా తట్టలేదు.

"కొత్త డ్రైవర్ వస్తున్నాడు," అంది. "మంచి పిల్లగాడు. ఫోనులో దారి చూసుకుని మిమ్మల్నందరినీ గంటలోపే చేర్చేస్తాడట."

"గంటలోపా?" అన్నారు రంగయ్యగారు. ఇది మాత్రం ఆయనకి స్పష్టంగా వినబడింది.

"అతనికి ఒక మాట చెప్పమ్మా," అన్నారు కోటేశ్వరరావుగారు. "ఆ ఫోను కట్టేసి, బార్ట్‌లెట్ అవతల చెరువు ఉంది కదా, అటు తిప్పి తీసుకురమ్మను."

"చెప్తానంకుల్."

"ఇవాళ మాత్రం..." అని రాధారాణిగారు ఏదో అనబోయి, అద్దంలో ఆమె ముఖం చూసి ఊరుకున్నారు.

ఛాయాదేవి ఆవులించి, గేరు వేసింది. ఆ సాయంత్రం ఆమె దగ్గరి దారినే పోయింది. చెరువు వైపు తిప్పమని ఎవరమూ అడగలేదు.