ముల్లుగారి టైమింగు

మా బావ తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. బజారులో ఆయన్ని ముల్లుగారు అంటారు. త్రాసు ముల్లు వెంట్రుకవాసి పక్కకి వాలినా ఒప్పుకోడు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆయన మురిసిపోతాడు. షాపులవాళ్లని అడిగితే వేరే కారణం చెబుతారు. ఆ కారణం మా అక్కకి పెళ్లయిన వారంలోనే బోధపడింది.

ఆయనకి ఒక పాత స్పోర్ట్స్ కారు ఉంది. ఉంది అనే కంటే ఇల్లంతా పరుచుకుని ఉంది అనడం న్యాయం. రెండే సీట్లు, ఇంత పొడుగు ముక్కు. ఎవరో డాక్టరుగారి షెడ్డులో కోళ్లు కాపురం పెట్టిన కారుని తాడు కట్టి లాక్కొచ్చి, నట్టు నట్టూ విప్పేశాడు. విప్పడం ఒక వేసవిలో అయిపోయింది. బిగించడం మాత్రం ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. పిస్టన్లు దుప్పట్ల బీరువాలో, కార్బురేటరు వంటింటి గట్టు మీద. ఒకసారి నేను టీలోకి చక్కెర వేసుకుందామని డబ్బా మూత తీస్తే లోపల వాల్వు స్ప్రింగులు. కదిలించొద్దని పైన చీటీ అంటించి ఉంది, నేనే చూసుకోలేదట.

అక్క మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు. టార్చి పట్టుకోమంటే పట్టుకునేది. ఏ నట్టుకి ఏ స్పానరో ఆయన అడగకముందే చేతిలో పెట్టేది. మా అక్క అని చెప్పడం కాదు గానీ, అంత ఓర్పు ఇంకెవరికీ ఉండదు.

అలాంటి అక్కకి హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. చేరాల్సిన స్కూలు కొండల అవతల, బస్సులో సగం రోజు ప్రయాణం. బావకి ఇంకా సర్వీసుంది కాబట్టి వెంట వెళ్లే వీలు లేదు. అక్క ఆర్డరు కాగితం పట్టుకుని ఇంటి వెనక షెడ్డులోకి పరుగెత్తింది. కారు కింద నుంచి రెండు కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. పాపం, ఆ కాళ్లకే చెప్పుకుంది. కాళ్లు కాసేపు ఆలోచించి, "మరి టైమింగు పెట్టేటప్పుడు క్రాంకు ఎవరు తిప్పుతారు?" అన్నాయి.

అంతే, అక్క మాట మానేసింది. తను మానేసింది కాబట్టి బావా మానేశాడు. ఇద్దరే ఉండే ఇంట్లో ఇద్దరూ మాట్లాడకపోతే గడిచేదెలా? నన్ను పిలిపించారు. అక్క సోమవారం చేరాలి. ఆలోగా ఆ మనిషి నోట ఒక్క మంచి మాట వస్తుందా, రాదా? నా బెంగంతా అదే. రాకపోతే ఆవిడ సెలవులకి కూడా ఇటు తొంగి చూడదు. మా అక్క పంతం నాకు తెలియనిదా!

అప్పటికి ముక్కలన్నీ బిగిసి, కారుకి టైమింగు ఒక్కటే మిగిలింది. టైమింగు అంటే బ్రహ్మవిద్య కాదు. పిస్టను పైకొచ్చి పెట్రోలు ఆవిరిని అదిమిన సమయానికి నిప్పురవ్వ పడాలి. చిక్కేమిటంటే పిస్టను పైకి రెండుసార్లు వస్తుంది. ఒకసారి ఆవిరిని అదమడానికి, ఇంకోసారి పొగని బయటికి తోయడానికి. ముందున్న చక్రం మీద గీత రెండుసార్లూ ఒకే చోట నిలుస్తుంది. ఏది ఏదో తెలియాలంటే ప్లగ్గు తీసిన కన్నం మీద బొటనవేలు పెట్టాలి. ఒకరు ఇంజను ఇరుసుని, అంటే క్రాంకుని, స్పానరుతో తిప్పుతుంటే, గాలి వేలిని తన్నినప్పుడు రెండోవారు గీత చూసి ఆపించాలి. చేతులు పొడుగున్నవాడైతే ఒక్కడే చేసుకోగలడు. మా బావ చేతులు పొట్టి, కారు ముక్కు పొడుగు.

"వెళ్లేలోగా నా పని నేను చేసి వెళ్తానని చెప్పరా మీ బావతో" అంటూ అక్క స్పానరు పట్టుకుంది.

"ఆపమని చెప్పు" అంటాడు బావ నాతో. "ఆపమంటున్నాడక్కా" అంటాను. అప్పటికే గీత దాటిపోయేది. వెనక్కి తిప్పకూడదు, ఇంజను లోపలి చెయిను వదులై లెక్క తప్పుతుంది. మళ్లీ మొదటి నుంచి తిప్పుకుంటూ రావాలి.

"కాస్త మెల్లిగా తిప్పమను."

"మెల్లిగానే తిప్పుతున్నానని చెప్పు. చెప్పేవాళ్లనే కాస్త ముందుగా చెప్పమను."

అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని. చివరికి బావకి తిక్కరేగి, "వేలూ వద్దు, గోలా వద్దు" అన్నాడు. గీత ఒక్కటే చూసి, ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరుని బిగించేశాడు. షాపువాడు కంటి అంచనాతో తూకం వేస్తే జరిమానా రాసే మహానుభావుడు!

అక్క విసురుగా ఇంట్లోకి వెళ్లిపోయింది. బావ నన్ను సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పమని, తను కార్బురేటరులోకి తొంగి చూశాడు. ఢామ్మని మంట పైకి లేచింది. పొగ తేలిపోయాక చూస్తే ఆయనకి ఒక కనుబొమ్మ లేదు.

అక్క పరుగెత్తుకొచ్చింది. "కళ్లకేమైనా అయిందా? ఇటు చూడండి! నా వైపు చూడండి!" అంటూ ఆ మసి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్లు బాగానే ఉన్నాయని తేలాక గొంతు మారింది. "వేలు పెట్టకుండా బిగించారు కదూ? పొగ తోసే చుట్టు మీద పెట్టుంటారు. ఇన్నేళ్లు ఆగినవాళ్లకి ఇవాళ అంత తొందరేమొచ్చింది?"

"సోమవారం నువ్వు దీంట్లో వెళ్లాలి" అన్నాడు బావ, నేలవైపు చూస్తూ. "నేను దిగబెట్టి, బస్సులో వచ్చేస్తాను. కారు నీ దగ్గరే ఉంటుంది. రావాలనిపిస్తే వస్తావని."

అక్క కొంగుతో ఆయన నుదుటి మీది మసి తుడిచింది.

"నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకేం తోస్తుంది? ఆ రోజు అది ఎలా చెప్పాలో తెలీక క్రాంకు గురించి అనేశాను."

"ఆ ముక్క చెప్పడానికి మొహం కాల్చుకోవాలా?" అని అక్క ఏడ్చేసింది.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. నాకు ఒళ్లు మండింది. సంతోషమూ వేసింది. ఆ తర్వాత అక్క తిప్పింది, బావ బొటనవేలు పెట్టాడు, నా అవసరం ఎవరికీ కలగలేదు. ఇంజను అందుకుంది. సోమవారం కనుబొమ్మ లేని డ్రైవరు పక్కన హెడ్మిస్ట్రెస్‌గారు దర్జాగా కూర్చుని వెళ్లారు.

ఆ వారం తిరగకుండానే అక్క ఫోన్ చేసింది, కారు కదలడం లేదని. బావ పనిముట్ల సంచి భుజాన వేసుకుని శనివారం తెల్లారకముందే బస్సెక్కాడు. ఆదివారం తిరిగొచ్చాక వెళ్లి అడిగాను.

"ఏమైంది బావా కారుకి?"

"మూత తీయగానే తెలిసిపోయిందిరా. డిస్ట్రిబ్యూటరులో రోటరు లేదు. లోపల తిరుగుతూ నిప్పు పంచే వేలెడంత ముక్క."

"దారిలో ఎక్కడైనా పడిపోయిందేమో."

"ఎలా పడుతుంది? రెండు క్లిప్పులు విప్పి, మూత ఎత్తి, ముక్క లాగి, మళ్లీ క్లిప్పులు పెట్టాలి. ఆ ఊళ్లో ఆ పని తెలిసిన మనిషి ఒక్కతే."

"మరి అక్కని అడిగావా?"

"ఎందుకడుగుతాను? కార్బురేటరు విప్పాను. ప్లగ్గులు కడిగాను. బాగున్నవన్నీ విప్పి బిగిస్తూ కూర్చున్నాను. మీ అక్క పక్కనే కూర్చుని స్పానర్లు అందిస్తూ స్కూలు కబుర్లన్నీ చెప్పింది. ఇవాళ భోజనమయ్యాక చేతులు కడుక్కుని వచ్చేసరికి రోటరు దాని చోట్లో అది ఉంది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది." బావ సంచి కింద పెట్టాడు. "ఇంక బస్సెక్కక ఏం చేస్తాను?"