వెనక అట్ట చదివించిన పెద్దమ్మ

మొన్న మంగళవారం హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసింది. "మన వంట పెద్దమ్మ పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నది కూసున్నట్లే ఒరిగిందట."

నల్లగొండలో డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను ఆమె చేతి తిండే తిన్నాను. ఆమెకు అక్షరం రాదు. మా పేర్లూ గుర్తుండేవి కావు, కంచాలు గుర్తుండేవి. నన్ను చూడగానే "ఉల్లిగడ్డలు ఏరేసే పిల్లొచ్చింది, జర తప్పుకోండ్రి" అనేది. రోజూ గుడ్లను ముందు బకెట్ నీళ్లలో వేసి చూసేది. ఏదైనా పాడై పైకి తేలిందంటే, "దీన్ని అమ్మినోనికే తినిపియ్యాలె" అని పక్కన పెట్టేది. మధ్యాహ్నం కాలేజీలో ఏం దొరికినా దొరక్కపోయినా మమ్మల్ని సాయంత్రం దాకా నిలబెట్టింది పొద్దున తిన్న ఆ గుడ్డే.

నా రెండో ఏడాదిలో ఒక పౌడర్ కంపెనీ మా హాస్టల్‌కు వచ్చింది. గుడ్డు మానేసి పాలలో తమ పౌడర్ కలిపి ఇవ్వమంది, మొదటి ఏడాది ఉచితమంది. యాజమాన్యం సరేనంది, తల్లిదండ్రులు ఒప్పుకోవడమే మిగిలింది. వాళ్ల మీటింగులో కంపెనీ ఇచ్చిన ప్రచార పుస్తకం చదివే పని నాకు అప్పగించారు, నాది పోషకాహారం సబ్జెక్టు కాబట్టి. నేను పొంగిపోయాను. పైగా ఆ పౌడర్ చాక్లెట్ వాసన నాకు తెగ నచ్చింది.

ముందురోజు వంటగదిలో చదివి చూసుకున్నాను. పౌడర్ తాగిన ఆడపిల్లలకు బలం పెరిగిందని పరిశోధనలో తేలిందట. పెద్దమ్మ ఎల్లిగడ్డలు ఒలుస్తూ విన్నది.

"బాగనే సదివినవ్. ఎనక అట్ట మీద చీమల బారు లెక్క ఉన్నదేంది?"

"అది ఎవరూ చదవరు పెద్దమ్మా."

"గట్లెట్ల? పెండ్లిల సదివింపులు సదవకుంటె ఊకుంటరా? ఎవలు ఏం పెట్టిన్రో మైకుల చెప్పాలె గద. సదువు."

చదివాను. పరిశోధన ఖర్చంతా పౌడర్ కంపెనీదే. చేసిన డాక్టర్ ఆ కంపెనీ సలహాదారు. పౌడర్ తాగిన వాళ్లను పోల్చింది పొద్దున ఏమీ తినని పిల్లలతో.

పెద్దమ్మ చేతిలో ఎల్లిగడ్డ ఆగింది. "అంటె ఒగలకు పౌడరు, ఇంకొగలకు ఉపాసమా? మరి గుడ్డు తిన్న పిల్ల ఏడున్నది దాంట్ల?"

వెతికాను. ఎక్కడా లేదు. పట్టికలు చదవడం క్లాసులో నేర్చుకున్నాను గానీ ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

"రేపు ఇది గూడ సదువు. నాది గూడ సదువు. గుడ్లు పోతె నా కొలువు పోతది. పాలల్ల పౌడరు కలుపనీకె నేనెందుకు? గందుకే గుడ్డు దిక్కు మాట్లాడుతున్ననని చెప్పు. దాసిపెట్టకు."

మీటింగులో పొగడ్తలన్నీ చదివాక పుస్తకం తిప్పాను. పెళ్లి మైకు గొంతు తెచ్చుకుని, "ఈ పరిశోధనకు పౌడర్ కంపెనీ వారి చదివింపులు, మొత్తం ఖర్చు!" అన్నాను. హాలంతా నవ్వింది. పోల్చింది ఎవరితోనో చదివేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. చివర పెద్దమ్మ కొలువు సంగతీ చెప్పాను.

కంపెనీ ఆయన లేచాడు. "వంటామెకు సైన్సేం తెలుసండీ?"

గుమ్మంలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "నాకేం తెల్వది సారూ. గందుకే అడుగుతున్న. గుడ్డు తిన్న పిల్లలతోని పోల్చి సూపియ్యుండ్రి. మీది గెలిస్తె నా చేతులతోనే కలిపి ఇస్త."

ఆయన బ్యాగులో కాగితాలన్నీ తిరగేసి, "అలా పోల్చలేదండీ" అన్నాడు. మోత్కూర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాయిన లేచి, "మా పిల్లకు గుడ్డే పెట్టుండ్రి. రెండు పెట్టినా మేమేం అనుకోం" అన్నాడు. చప్పట్లు మోగాయి. కంపెనీ ముందే దించిపోయిన పౌడర్ డబ్బాలను మరునాడు మేమే ఈలలు వేసుకుంటూ ఆటోలోకి ఎక్కించాం. అందరికంటే గట్టిగా ఈల వేసింది పెద్దమ్మే.

ఇప్పుడు ఊళ్లలో గర్భిణులకు తిండి గురించి చెప్పడం నా ఉద్యోగం. నా చేతికి ఏ కరపత్రం వచ్చినా ముందు వెనక్కి తిప్పుతాను. ఒక్కోసారి నేను చెప్పేదాన్ని కూడా అలాగే తిప్పి చూసుకుంటాను. అది కొంచెం కష్టం.

ఆమెను చివరిసారి చూడటానికి పానగల్‌లో ఆమె ఇంటికి వెళ్తూ దారిలో హాస్టల్ దగ్గర ఆగాను. ఆమెతో పనిచేసినామె కళ్లు తుడుచుకుంటూనే వడ్డిస్తోంది. పెద్ద గిన్నెలో గుడ్లు ఒకదాన్నొకటి తాకుతూ ఉడుకుతున్నాయి. బయట, నాకు తెలియని ఒక పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని, గుడ్డు మొత్తం నోట్లో కుక్కుకుని, కదులుతున్న బస్సు వెంట పరుగెత్తుతోంది. నోరు నిండి అరవడానికి వీల్లేక, చెప్పులు పైకెత్తి ఊపుతోంది. బస్సు ఆగింది.