దైవాంశ లేని సన్మానపత్రం

ఎండకు విరిగిన పాల వాసన ఆఫీసు గుమ్మం దాకా వచ్చింది. ఎదురుగా ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి, పొద్దున్నే దానికి పాలాభిషేకం చేసి వెళ్ళారు. మైలవరం వైపు ఒక మండలాఫీసులో డిప్యూటీ తహసీల్దారుగా పనిచేస్తూ ఇలాంటివి చాలానే చూశాను. అయినా ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు శేషాచార్యులు గారు గుర్తొస్తారు. విజయవాడలో నేను డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీలో ఆయన రాజనీతిశాస్త్రం చెప్పేవారు. నిలువు నామం, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ఎంత కోపం వచ్చినా పెరగని గొంతు. అర్చకుల కుటుంబం. రోజూ పూజ ముగించుకునే క్లాసుకు వచ్చేవారు.

మాది ఇబ్రహీంపట్నం. నాన్న పొలం పనులకు వెళ్ళేవాడు, మా చర్చిలో సంఘపెద్ద కూడా. ఒకరోజు సార్ "ప్రభుత్వానికి అధికారం ఎవరిచ్చారు?" అని అడిగితే నేను లేచి, "దేవుడు సార్. మా చర్చిలో అలాగే చెబుతారు" అన్నాను. వెనక బెంచీల్లో నవ్వారు. సార్ నవ్వలేదు.

"మా ఇంట్లోనూ అదే చెప్పారమ్మా గ్రేస్. రాజు విష్ణువు అంశ అనేవారు మా తాతగారు. ఐరోపాలో రాజులూ ఆ మాటే అన్నారు. నా మతమే అందరి మతం కావాలని తరాల తరబడి జనాన్ని చంపించారు. అప్పుడు కొందరు అసలు ప్రభుత్వం దేనికని ఆలోచించారు. మన ప్రాణానికీ, స్వేచ్ఛకూ, కష్టార్జితానికీ కాపలా కాయడానికి మనుషులే పెట్టుకున్న ఏర్పాటు అది అన్నారు. ఆత్మ సంగతి మీ పాస్టరు గారూ మా నాన్నగారూ చూసుకుంటారు. కాలవలో నీళ్ళొచ్చాయా, కోర్టులో న్యాయం జరిగిందా, ప్రభుత్వం అది చూసుకుంటే చాలు."

"అయితే దేవుడు లేడా సార్?"

"ఉన్నాడు. అందుకే ఆయన్ని ఇందులోకి లాగొద్దంటున్నాను. దేవుడు పంపినవాణ్ణి మనం దించగలమా? మనం పంపినవాణ్ణయితే దించొచ్చు."

ఆ మాట నాకు వెంటనే మింగుడుపడలేదు. ఆదివారం ప్రార్థనలో కూర్చున్నా అదే ఆలోచన.

ఫైనలియర్‌లో కొత్త భవనం ప్రారంభానికి ఒక మంత్రిగారు వస్తున్నారన్నారు. సన్మానపత్రం సార్ రాయాలి, నేను చదవాలి. సార్ రాసింది సాదాగా, మర్యాదగా ఉంది. దాన్ని కాలేజీ నడిపే కరస్పాండెంటు గారు చూసి, "ఇంత చప్పగానా ఆచార్యులు గారూ? 'దైవాంశ సంభూతులు' అని పెట్టండి. రేపు మనకు ఆయనతో బోలెడు పనులుంటాయి" అన్నారు. "దైవమన్న మాట నేను రోజూ పూజలో దేవుడికి వాడేదండీ, ఇంకొకరికి వాడలేను" అన్నారు సార్. చివరికి కరస్పాండెంటు గారే ఆ మాటలు చేర్చి కొత్త కాగితం టైపు చేయించారు.

సభకు ముందు రెండు కాగితాలూ నా చేతిలోనే ఉన్నాయి. "ఏది చదవమంటారు సార్?" అని అడిగాను. "నేను చెబితే అదీ ఒక ఆజ్ఞే అవుతుందమ్మా. ఆ కొత్త కాగితం చదివినా నేనేమీ అనుకోను. నీ చదువు నీకుంది, మీ నాన్నకు నువ్వున్నావు" అని పక్కకు జరిగారు.

మైకు ముందుకు వెళ్ళాను. నేను సార్ కాగితమే తీశాను. "ప్రజలు ఎన్నుకుని పంపిన ప్రతినిధికి స్వాగతం" అని చదివాను. మంత్రిగారు ఫోన్ చూసుకుంటున్నారు, ఒక్క ముక్కా విన్నట్టు లేరు. విన్నది కరస్పాండెంటు గారు. ఆయన సాయంత్రం నన్ను పిలిపించేలోపే సార్ వెళ్ళి, "రాసింది నేను. పిల్లను అడగాల్సిన పని లేదు" అని చెప్పారట. నన్నెవరూ ఏమీ అనలేదు. సోమవారం నుంచి మా క్లాసుకు వేరే లెక్చరర్ వచ్చారు. సార్‌ను లైబ్రరీలో కూర్చోబెట్టారు.

నేను లైబ్రరీకి వెళ్ళి ఏడ్చేశాను. "నా వల్లే సార్, క్షమించండి."

"చదివింది నిజమనిపించే చదివావా?"

"అనిపించింది సార్."

"మరి క్షమాపణ దేనికి?" అన్నారు. చూపు కిటికీ వైపు తిప్పుకుని, "నాకూ బాధగానే ఉందమ్మా. పాఠం చెప్పకుండా కూర్చోవడం అలవాటు లేదు" అన్నారు. ఆ ఏడాదే ఉద్యోగం మానేసి గన్నవరంలో ఇంటి దగ్గర పిల్లలకు పాఠాలు చెప్పుకున్నారు. నాకు ఈ ఉద్యోగం వచ్చిందని తెలిసి ఫోన్ చేసి, "వచ్చినవాళ్ళను కూర్చోమని చెప్పు, చాలు" అన్నారు. రెండేళ్ళ క్రితం పోయారు.

ఈ మధ్యాహ్నం ఒక పెద్దాయన తన కొడుకు మరణానంతరం కావలసిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం వచ్చాడు. మూడోసారి తిరగడమట. కూర్చోమన్నాను. సంతకం పెట్టి ఇవ్వగానే లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. "నువ్వు దేవతవమ్మా" అన్నాడు.

"కాదండీ, ఉద్యోగిని. ఇది మీకు రావలసిందే. ఆలస్యం చేసింది మేము."

ఆయన చేతులు దించి, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "అయితే మొదటిసారే ఇవ్వొచ్చు కదమ్మా?" అని అడిగాడు.

"ఇవ్వాల్సిందేనండీ" అన్నాను.