సార్ గీసిన పెన్సిల్ గీత

సార్ పోయారన్న కబురు మంగళవారం ఉదయం మా విభాగం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అప్పుడు నేను ఒక రోగి మెదడు స్కాన్ మీద చోటు గుర్తిస్తున్నాను. ఆ పని నాకు నేర్పింది ఆయనే. వచ్చే ఆదివారం పెరంబూరులో వాళ్ళింటికి వెళ్ళి ఆయన్ని చూడాలనుకున్నాను. అంతకుముందు ఆదివారం కూడా అలాగే అనుకున్నాను. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి రెండేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది.

మా ఆసుపత్రి స్కానింగ్ విభాగంలో ఆయన ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, నిరుడు రిటైరయ్యారు. ఆయన డాక్టరు కాదు. అయినా మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్లు తెర మీదికి బొమ్మ రాగానే, "ఇది సార్ చూశారా?" అని అడిగేవారు.

మా పని చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. మెదడులో గడ్డ ఉన్న మనిషిని స్కానర్‌లో పడుకోబెట్టి, మనసులో మాటలు అనుకోమంటాం. అప్పుడు పనిచేసే చోటికి రక్తం ఎక్కువగా వస్తుంది. తెర మీద అక్కడ రంగు కనిపిస్తుంది. ఆ చోటు నుంచి లోపలికి పోయే తెల్లని నరాల పోగులను ఇంకో స్కాన్ సాయంతో కంప్యూటర్ గీతలుగా గీస్తుంది. డాక్టరు ఆ గీతలను తప్పించి కోయాలి, లేకపోతే మాట పోవచ్చు. గీతలు ఎక్కడ మొదలవ్వాలో గుర్తు పెట్టేది మేము. ఆ గుర్తును సీడ్ అంటారు. సార్ మాత్రం విత్తనం అనేవారు.

"రంగు మీద వెయ్యబాకమ్మా. రంగు పైపొరలో ఉండాది, దారి దాని కింద ఉండాది. కొంచెం లోపలికి పో."

"ఇంకా పోనా సార్?"

"పో. అట్లాగని సెంట్రల్ దాకా పోబాక. బేసిన్ బ్రిడ్జిలో దిగిపో."

రోజూ లోకల్ రైల్లో వచ్చే మనిషి. సెంట్రల్ ఆఖరి స్టేషను, బేసిన్ బ్రిడ్జి దానికి ముందుది. నా చేతిలోంచి మౌస్ ఏనాడూ లాక్కోలేదు. పక్కన బల్ల మీద వేలు కదిపేవారు, అంతే. ఇంకో మాట కూడా తరచుగా అనేవారు. "గీతలు ఏడ నాటినా వస్తాయి. వచ్చినాయని సంబరపడబాక."

స్కాన్‌కు ముందు స్టీలు స్టూలు లాక్కుని రోగి పక్కన కూర్చునేవారు. ఏ చేత్తో కూర తరుగుతారు, పిల్లల్ని ఏ భాషలో తిడతారు, ఇలాంటివన్నీ అడిగేవారు. నాకు ఆ స్టూలంటే భయం. అడిగితేనే నోరు తెరవాలని నేర్పిన కాన్వెంటులో చదివాను. ఫారం చేతికిచ్చి, నింపేదాకా గోడ పక్కన నిలబడేదాన్ని.

రెండేళ్ళ క్రితం సౌకార్‌పేటలో గాజుల కొట్టు నడిపే ఒకావిడ వచ్చింది. ఆమె కొడుకు ఫారంలో భాష తమిళం అని రాశాడు. ఆమె నాతో తమిళంలో మాట్లాడింది, నేనూ తమిళంలోనే జవాబిచ్చాను. స్కానర్‌లో కాయగూరల పేర్లు తమిళంలో అనుకోమన్నాను. రంగు సరిగా రాలేదు. రక్తం జాడ ఎంత బలంగా ఉంటే కంప్యూటర్ రంగు చూపాలో చెప్పే హద్దును తగ్గించాను. మళ్ళీ తగ్గించాను. చివరికి ఒక మచ్చ కనిపించింది. దాని కింద విత్తనం వేశాను. గీతలు ధారగా వచ్చాయి.

సార్ చాలాసేపు చూశారు. "అందంగానే ఉండాది. ఆమె ఇంట్లో ఏం మాట్లాడతాదో అడిగినావా?"

"అడిగాను సార్. తమిళమే."

నేను అడగలేదు. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన ప్రశ్న పూర్తయ్యేలోపే నా జవాబు బయటికి వచ్చేసింది.

ఆయన లేచి వార్డుకు వెళ్ళారు. నేను వెనకే వెళ్ళి తలుపు బయట నిలబడ్డాను. లోపల ఆమె తెలుగులో చెబుతోంది.

"గాజుల పేర్లయితే తమిళ్‌లో గడగడా వస్తాయి సార్. కాయగూరలు ఇంటి సంగతి గదా, తెలుగులోనే వస్తాయి. రెండు మూడు అనుకుని ఊరకుండిపోయినా. ఆ పాప నన్నేమీ అడగలా."

నేను గబగబా వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

మర్నాడు తెలుగులో మళ్ళీ స్కాన్ చేశాం. రంగు మెదడులో వేరే మడతలో గట్టిగా వచ్చింది. అక్కడ విత్తనం వేస్తే వచ్చిన గీతలు గడ్డ అంచును ఆనుకుని పోయాయి. నా బొమ్మలో ఆ చోటు ఖాళీగా ఉంది. డాక్టరు అక్కడ నిశ్చింతగా కోసేసేవారు. సార్ ఆయన దగ్గరికి వెళ్ళి, "నిన్నటి బొమ్మ తీసేయండి. భాష కనుక్కోకుండా చేసినాం. పొరపాటు నాది," అన్నారు. నేను ఫైలు పట్టుకుని ఆయన వెనకే ఉన్నాను. నోరు మెదపలేదు.

ఆమె మాట పోలేదు. మూడు నెలల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు వరండా అంతా వినిపించేలా మాట్లాడింది. సార్ నాతో మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. స్కాన్ మళ్ళీ చేసిన రోజే ఫారం అడుగున స్కేలుతో ఒక పెన్సిల్ గీత గీసి, దాని ముందు "ఇంట్లో భాష" అని తన గుండ్రటి అక్షరాల్లో రాసి, జిరాక్సుకు పంపారు.

రిటైరైన రోజు అందరూ వెళ్ళాక కూడా నేను నిలబడే ఉన్నాను. "ఏమ్మా, ఏమన్నా చెప్పాల్నా?" అన్నారు. ఏం లేదన్నాను. "సరి. ఒక ఆదివారం ఇంటికి రా. పుస్తకాలుండాయి. నాకింక కళ్ళు ఆనవు, నువ్వు తీసుకుపో."

కబురు తెలిసిన ఆ మంగళవారం మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య నన్ను ఎగాదిగా చూసి, "పుస్తకాల పాపవి నువ్వేనా? ఆదివారం వస్తావని చెప్పేవారే," అంది. గుమ్మం పక్కన పురికొసతో కట్టిన పుస్తకాల కట్ట ఉంది. పైన దుమ్ము పేరుకుని ఉంది.

ఇప్పుడు స్టూలు మీద నేనే కూర్చుంటున్నాను. అసలు ఫారం ఎటు పోయిందో తెలియదు. జిరాక్సుకు జిరాక్సు తీసి వాడుతున్నాం. తీసిన ప్రతిసారీ సార్ అక్షరాలు ఇంకొంచెం పలచబడుతున్నాయి. నిన్న వచ్చిన ఫారాల కట్టలో ఆ గీత, కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటేనే కనిపిస్తోంది. మళ్ళీ గీయాలి. పెన్సిల్ చెక్కి, స్కేలు ఆనించి, తలెత్తాను. ఇవాళ స్కాన్‌కు వచ్చిన రోగి మంచం మీద నుంచి నావైపు చూస్తోంది, నేనేం అడుగుతానో అని.