దొరకని ఎముక

నా చిన్నప్పుడు పెదబయలు పైనున్న మా కొండ ఊళ్ళో బడి అంటే ఒక గడ్డి పాక, సాలూరు నుంచి వచ్చిన ఒక పంతులుగారు. ఆయన ఒకరోజు పుస్తకంలో, రాతిలో అచ్చుపడిన పక్షి బొమ్మ చూపించారు. దాని నోట్లో పళ్ళు, రెక్కలకు గోళ్ళు, వెనక బల్లికున్నట్టు పొడవాటి ఎముకల తోక. మనుషులు పుట్టకముందు తిరిగిన రాకాసిబల్లులే పక్షులకు పూర్వీకులని కొందరు పండితులు అంటున్నారట. ఇంటికొచ్చి మా కోడిని పట్టుకుని కాళ్ళు చూశాను. అచ్చం బల్లి పొలుసులే. ఇక నా నోరు ఆగుతుందా, ఇంటిల్లిపాదికీ చెప్పేశాను.

మా నాన్నకు ఒళ్ళు మండింది. అమ్మవారికి మొక్కిన కోడిని బల్లి సంతానమంటావా అన్నాడు. రుజువేమిటో అడిగి రా, లేకపోతే బడి మాని పోడు పనికి రా అని తేల్చేశాడు.

పంతులుగారు అబద్ధమాడే మనిషి కాదు. కోడి మెడ కింద రెండు పాయలుగా ఉండే ఎముక రాకాసిబల్లుల్లో ఎక్కడా దొరకలేదని, అందుకే చుట్టరికం లేదని ఒక పెద్ద పండితుడు రాశాడని ఉన్నమాట చెప్పారు. నా బడి పోయినట్టేనని ఏడుస్తూ ఇంటికొచ్చి ఆయన అన్నదంతా చెప్పాను.

మర్నాడు మా నాన్నమ్మ నన్ను అడవి దుంపలకు తీసుకెళ్ళింది. ఎండాకాలం కావడంతో దుంప ఎక్కడుందో చెప్పే తీగలన్నీ మాడి గాలికి కొట్టుకుపోయాయి. ఆమె ఒక బండ పక్కన కూర్చుని మొనదేలిన కర్రతో తవ్వడం మొదలుపెట్టింది. మోచేతి లోతు పోయినా ఏమీ తగల్లేదు. ఇక్కడ లేదు, పోదాం అన్నాను. ఆమె కర్ర నా చేతికిచ్చింది. నాకూ మొండితనం పుట్టింది. అరచేతులు బొబ్బలెక్కాక, భుజం లోతున దుంప తగిలింది.

సాయంత్రం నాన్నమ్మ దాన్ని తెచ్చి మా నాన్న ముందు పెట్టింది.

"పంతులు అబద్ధం సెప్పనేదురా. ఆ ఎముక దొరకనేదన్నాడు గానీ, నేదని ఎవులు సూసొచ్చారు? ఆడగుంటని బడి మానిపించకు. దాన్నే తవ్వుకోనీ."

మా నాన్న ఆ దుంపను చేతిలోకి తీసుకుని మట్టి దులిపాడు. మర్నాడు నేను బడికి వెళ్ళాను.

ముసలిదాన్నయ్యాక ఒకరోజు మనవడు పేపరు చదివి వినిపించాడు. ఆ ఎముక రాకాసిబల్లుల్లో దొరికిందట, ఈకలున్న బల్లులు కూడా రాళ్ళలో బయటపడ్డాయట. సంతోషంతో కళ్ళనీళ్ళొచ్చాయి. పంతులుగారు ఈ మాట వినకుండానే పోయారని బాధా కలిగింది. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా లేదని తేల్చేస్తే నేను సరేననను. ఎంత లోతు తవ్వారని అడుగుతాను.