మా గేటు ముందు నుంచే వెళ్ళిన బస్సు

పెద్ద సభలకు బస్సులు నడిపించడంలో నందిగామ, జగ్గయ్యపేట మధ్య నన్ను మించినవాడు లేడని అంటుంటారు. అలా అన్నవాళ్ళెవరూ ఆ బస్సులు ఎక్కేవాళ్ళు కారు. హైవే పక్కన ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని. పిల్లల్ని ఊళ్ళ నుంచి తీసుకురావడం, సాయంత్రం దింపడం నా ఉద్యోగం. కానీ ఏ పార్టీ సభ పెట్టినా ముందు మా బస్సుల కోసమే వస్తారు. అడిగినట్టే అడుగుతారు గానీ, కాదనే ధైర్యం ఎవరికుంది? చుట్టుపక్కల స్కూళ్ళ బస్సులు కూడా కలిపి నా నెత్తిన పెడతారు. ఏ బస్సు ఏ ఊరు వెళ్ళాలి, ఎన్నింటికి కదలాలి, టిఫిన్ పొట్లాలు ఎక్కడ ఎక్కించాలి, అన్నీ నేనే రాస్తాను. ఇప్పటికీ రాస్తున్నాను.

ఆ పనంటే నాకు ఇష్టమని ఒప్పుకోవాలి. జెండాలు కట్టిన బస్సులు బారులు తీరి కీసర టోల్‌గేటు దాటుతుంటే, పరీక్ష అట్టకు పెట్టిన లిస్టు మీద ఒక్కొక్కదానికీ టిక్కు పెడుతుంటే, నా అంతవాడు లేడనిపించేది. పిచ్చి గర్వం. నేను తోలేది నా జనమూ కాదు, నా సభా కాదు.

ఒక ఏడాది సభ గురువారమని మాకు సోమవారమే తెలిసింది. కాలేజీకి సెలవిచ్చేశారు. అయితే ఆ రోజు ఇంటర్ సెకండియర్‌లో ఒక బ్యాచ్‌కి కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఉంది. బయటి నుంచి ఎగ్జామినర్ వస్తాడు కాబట్టి ఆ తేదీ మార్చడం మా చేతుల్లో లేదు. "నాలుగు బస్సులు మనకి ఉంచి మిగతావి పంపించెయ్యి" అన్నారు మా కరస్పాండెంట్. ఏ నాలుగు అనేది నాకే వదిలేశారు.

నేను నోరున్న రూట్లు ఉంచాను. దాచేదేముంది? నందిగామలో షాపులవాళ్ళ పిల్లలు, ఉద్యోగుల పిల్లలు ఎక్కే బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ఫోను నేరుగా కరస్పాండెంట్‌కే వెళుతుంది. జగ్గయ్యపేట దాటి క్వారీల వైపు లోపలికి వెళ్ళే రూటు నుంచి ఏనాడూ ఒక్క ఫిర్యాదు రాలేదు. అందుకే దాన్ని తీసేశాను. ఆ రూటులో ఆ రోజు ప్రాక్టికల్ ఉన్నది ఒకే ఒక్క అమ్మాయికి. లిస్టులో పేరు చూశాను. ఒక్కరే కదా అనుకుని గీత కొట్టేశాను.

ముందురోజే ఆ ఇంటికి కబురు చేసి ఉండొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మా దగ్గర ఆ పద్ధతి లేదు. బస్సు రాదని ముందే చెబితే తల్లిదండ్రులు గేటు దగ్గరికి వచ్చి గొడవ చేస్తారు. అదే ఆ రోజు పొద్దున్న ఆరున్నరకు వాట్సాప్ గ్రూపులో పెడితే, అప్పటికి ఎవరూ చేయగలిగేది ఉండదు కాబట్టి ఎవరూ ఏమీ అనరు. ఈ కిటుకు కనిపెట్టింది నేనే. దీనికి నన్ను మీటింగులో మెచ్చుకున్నారు కూడా.

ఆ అమ్మాయి ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. అది తండ్రి జేబులో పెట్టుకుని ఆరింటికే క్వారీ పనికి వెళ్ళిపోయాడు. నా మెసేజ్ ఎవరూ చూడలేదు. ఆ అమ్మాయి యూనిఫాం వేసుకుని, రికార్డు పుస్తకం పట్టుకుని రోజూలాగే ఏడింటికి పంచాయతీ ఆఫీసు ముందు నిలబడింది. బస్సు రానే వచ్చింది. సభకు జనాన్ని ఎక్కించాల్సిన ఊళ్ళలో ఆ ఊరు కూడా ఉంది మరి. దారి తెలిసినవాడని పాత డ్రైవర్నే, రోజూ వెళ్ళే బస్సునే నేను పంపించాను.

డ్రైవరు నాకు ఫోను చేశాడు.

"సార్, మన పాప ఒకతి ఇక్కడుందండి. ఇవాళ ప్రాక్టికలంట. ఎక్కించుకోనా? ఎనక సీట్లు ఖాళీగానే ఉన్నయ్. మన గేటు ముందు నుంచేగా పోయేది, దింపేసి పోతా."

వాడు చెప్పింది నిజమే. సభకు వెళ్ళే ప్రతి బస్సూ మా గేటు ముందు నుంచే వెళ్ళాలి. కానీ అంతకుముందు సభప్పుడు జెండా కట్టిన బస్సులో యూనిఫాం వేసుకున్న పిల్లల్ని ఎవరో ఫోన్లో ఫొటో తీసి ఊరంతా తిప్పారు. కరస్పాండెంట్ నన్ను గదిలో నిలబెట్టి కడిగేశారు. యూనిఫాం అనేది ఆ బస్సుల్లో కంటికి కనపడకూడదన్నారు.

"యూనిఫాంలో ఉందా?" అని అడిగాను.

"ఉందండి."

"అయితే వద్దు."

"పైన ఏదన్నా కప్పుకుంటదిలెండి సార్. పాపం ఏడుస్తందండి."

"చెప్తుంటే అర్థం కావట్లా? ఆటోలో రమ్మను" అని ఫోను పెట్టేశాను.

ఆ ఊళ్ళో ఉన్నవి రెండే ఆటోలు. ఆ రెండూ సభకే మాట్లాడినవి. వాటి నంబర్లు నా చేతిలో ఉన్న లిస్టులోనే ఉన్నాయి.

ఎనిమిది దాటాక ఆ బస్సు మా గేటు ముందుకొచ్చింది. ఆపకుండా పొమ్మని చెయ్యి ఊపాను. డ్రైవరు నా వైపు చూడలేదు. వెనక నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆ తర్వాత నేను కీసర వెళ్ళి, టోల్‌గేటు బారులో ఉన్న ఆ బస్సుకు కూడా టిక్కు పెట్టాను.

తల్లీకూతుళ్ళు హైవే దాకా నడిచి, ఏదో సిమెంటు లారీ పట్టుకుని, పదిన్నరకు కాలేజీకి చేరారట. ప్రాక్టికల్ తొమ్మిదింటికి. మా లెక్చరరమ్మ ఎంత బతిమాలినా ఎగ్జామినర్ వినలేదు, ఆబ్సెంట్ వేశాడు. ఒక్క ప్రాక్టికల్ పోతే మొత్తం ఫెయిలే. ఆ పిల్ల నర్సింగులో చేరాలని ఆశ పెట్టుకుందని కూడా లెక్చరరమ్మే నాకు ఫోన్లో చెప్పింది. "సభలో ఉన్నానండి, రేపు చూద్దాం" అని విసుక్కున్నాను. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శనివారం ఆ తల్లి కాలేజీలో నా గదికి వచ్చింది. మిరపకోతలు జోరుగా ఉన్న రోజులు, పని మానుకుని వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచింది. పోట్లాటకు వచ్చిందనుకుని, మెసేజ్ పెట్టాం కదా అనే జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

"ఒక్క మాట అడుగుదామని వచ్చానండి. బస్సు రాదని మీకెప్పుడు తెలిసిందండి?" అంది.

"ఏం అమ్మా?"

"ముందురోజే తెలుసుంటే జగ్గయ్యపేటలో మా చెల్లెలింట్లో పడుకోబెట్టేదాన్నండి. నేను కనుక్కోకబట్టే పోయిందనుకుంటందేమో, పిల్ల నాతో మాట్టాడ్డంలా. అన్నం తినట్లా. నిజంగా నాదే తప్పేమోనని..."

ఆ మాటతో నేను సిద్ధం చేసుకున్న జవాబు ఎందుకూ పనికిరాకుండా పోయింది. సోమవారం తెలిసిందమ్మా అంటే అయిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా.

"నాకూ ఆ పొద్దున్నే తెలిసిందమ్మా" అన్నాను.

ఆవిడ ముఖంలో ఎంత నిమ్మళం! "అదేగదండి. పెద్దోళ్ళు అప్పటికప్పుడు చెప్తే మీరు మాత్రం ఏం చేస్తారు పాపం" అని నన్నే ఓదార్చింది. తర్వాత కొంగు ముడిలోంచి ఒక చీటీ తీసింది. "ఇది మా పక్కింటోళ్ళ నంబరండి. పాప అక్కడే ఉంటది. ఇదే మాట మీ నోటితో ఒక్కసారి చెప్పండి. నేను చెప్తే నమ్మదు."

తప్పించుకునే దారి లేక ఫోను కలిపాను. ఆ అమ్మాయిని పిలిచి ఇచ్చారు. బస్సు సంగతి ఎవరికీ ముందు తెలియదనీ, ఇందులో అమ్మ తప్పేమీ లేదనీ చెప్పాను.

"ఆ రోజు డ్రైవరన్న మీతో స్పీకర్‌లో మాట్లాడారండి" అంది ఆ అమ్మాయి. "మీరు వద్దన్నది నేను విన్నాను సార్. అమ్మకి చెప్పలా. చెప్తే ఊరుకోదు, మీ కాలేజీలో అందరి కాళ్ళూ పట్టుకుంటది. అది నాకిష్టం లేదు."

ఫోను పెట్టేసింది. నేను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా తల్లి ఆశగా నా వైపే చూస్తోంది.

"చెప్పారాండి? నమ్మిందా?" అంది.

"నమ్మిందమ్మా" అన్నాను.

ఆవిడ రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది.