గుండు టైరుకు కోసిన గాళ్లు

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి ముసురు. తోటలో దింపిన కొబ్బరికాయలు తడిసిపోతాయని పాకలోకి చేర్చి, గునపం పాతి ఒలుపు మొదలుపెట్టాం. సగం కాయలు కూడా కాకముందే అత్త ఇంటి వైపు నుంచి కేక వినిపించింది. మావయ్య తోలుతున్న కారు టెక్కలికి ఇవతల హైవే మీద జారి కల్వర్టు గోడను కొట్టింది. ఆసుపత్రికి చేర్చేలోపే మావయ్య పోయాడు. వెనక సీట్లో ఉన్న మా పిన్నికి చెయ్యి విరిగింది. విరిగింది డయాలసిస్ సూది గుచ్చే చెయ్యి కాదని ఆమె దేవుడికి దండం పెట్టుకుంది.

మావయ్య అంటే మా అమ్మకు అన్న. మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం వైపు ఊరు. మా వీధుల్లో కిడ్నీ జబ్బు లేని ఇళ్లు తక్కువ. వాళ్లను టెక్కలి డయాలసిస్‌కు తీసుకెళ్లి తీసుకొచ్చే కారు తోలేవాడు మావయ్య. కారు ఆయనది కాదు. కొబ్బరి వ్యాపారం చేసే ఊరి పెద్దది. ఆ పెద్దమనిషిని అందరూ బాబు అంటారు, నేనూ అలాగే రాస్తాను.

బయల్దేరే ముందు మావయ్య నాలుగు చక్రాల దగ్గరా గొంతుక్కూర్చునేవాడు. టైరు లోపలి అంచు, బయటి అంచు అరచేత్తో తడిమేవాడు. బీడీలు మానేసి చాలాకాలమైనా అగ్గిపెట్టె జేబులో ఉండేది. పుల్ల తీసి, మందున్న తల టైరు మీది గాడిలోకి గుచ్చేవాడు. తల పూర్తిగా మునిగితేనే తాళం పెట్టేవాడు. ఈలోపు పిన్ని లోపల కూర్చుని విసుక్కునేది.

“ఏటన్నియ్యా, కారుకి గోళ్లు తీత్తన్నావేటి? బేగి పద.”

“నీ కాళ్లకి సెప్పులున్నాయో నేదో సూసుకునే వచ్చినావు గదా. దీని కాళ్లు నాను సూసుకోవద్దేటి?”

నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. స్టీరింగు ముట్టుకోనివ్వక ముందు టైరు దగ్గర కూర్చోబెట్టాడు.

“గాడి అడుగున అడ్డంగా సిన్న బుడిపి ఉంది సూడు. పైన రబ్బరు అరిగరిగి దీని మట్టానికొచ్చీసిందంటే ఆ టైరు మీద ఆశొదిలీడమే. వానల్లో అయితే అంతదాకా కూడా ఆగకూడదు.”

“రోడ్డు బాగానే ఉంది గదా మావా?”

“రోడ్డు మీద నీళ్లు పోడానికి గాడే దారి. దారి లేకపోతే నీళ్లు టైరుని ఎత్తీస్తాయి. అప్పుడు స్టీరింగు నీ సేతిలోనే ఉంటాది, బండి ఉండదు.”

ఆ మాట నేను మరచిపోలేదు. బాబుకు కూడా చాలాసార్లే చెప్పి ఉంటాడు.

వానలు మొదలయ్యే ముందు ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. కాయల బేరానికి వెళ్లి నేను బాబు అరుగు మీదే ఉన్నాను.

“బాబూ, నాలుగు టైర్లూ గుండయిపోనాయి. వానల్లో పేషెంట్లని ఎక్కించుకోలేను.”

“ఇమానం తోల్తన్నావేటిరా? టెక్కలే గదా. మెల్లగా తోలు.”

“ఎంత మెల్లగా తోలితే టైరుకి రబ్బరొస్తాది బాబూ?”

అరుగు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. బాబు నవ్వలేదు. మావయ్య తాళాలు అక్కడ పెట్టి ఇంటికి వచ్చేశాడు. కొన్నాళ్లు పేషెంట్లు ఆటోల్లో నడుము విరగ్గొట్టుకుంటూ వెళ్లారు. తర్వాత బాబు కబురు పంపాడు. తన రెండో కారు టైర్లు దీనికి వేయించానని, వచ్చి చూసుకోమని. మావయ్య వెళ్లి నాలుగింటికీ పుల్ల గుచ్చి చూశాడు. ఆ సాయంత్రం అత్తతో సంబరంగా చెప్పాడట: “బాబు మంచి టైర్లే ఏయించినాడు. పుల్ల తల మునిగిపోనాది. బుడిపి ఎక్కడుందో కూడా దొరకనేదు, అంత గాడుంది.”

అంత్యక్రియలయ్యాక అత్త ఈ మాట చెప్పి ఏడ్చింది. అప్పుడు నాకేమీ తోచలేదు.

బాబు మాత్రం టీకొట్టు దగ్గర వేరే మాట మొదలుపెట్టాడు. ముసలోడికి కళ్లు ఆనవని, వానలో కూడా వేగంగా తోలాడని. వారం తిరగకముందే ఊళ్లో సగంమంది అదే అంటున్నారు. మంచం మీద ఉన్న పిన్ని చెవిన పడింది.

“బేగి తోలినాడా? లారీలన్నీ మమ్మల్ని దాటుకుని ఎల్పోనాయిరా. సైకిలోడు గట్టిగా తొక్కితే ఆడూ దాటీసును.”

మావయ్య భోజనం క్యారేజీ, తువ్వాలు కారులో ఉండిపోయాయి. వాటి కోసం పలాసలో కారు పెట్టిన షెడ్డుకు వెళ్లాను. ముందు టైరు ఒకటి చీలిపోయి ఉంది. చీలికలోంచి పోగులు వేలాడుతున్నాయి. టైర్లు చూసే అతను దాన్ని విప్పి దొర్లించి, వేలు పెట్టి చూశాడు.

“ఇయ్యి కోసిన టైర్లు బావా.”

“కోసినవంటే?”

“గుండు టైరుకి కాల్చిన బ్లేడుతో మళ్లీ గాళ్లు కోత్తారు. సూడ్డానికి బాగుంటాది. ఉన్న కాస్త రబ్బరూ ఎల్పోతాది, ఇంక కింద పోగులే. కొన్ని లారీ టైర్లయితే కోయడానికనే మందంగా పోత్తారు. కారు టైరు కోయకూడదు. బుడిపిలు కూడా కోసీసినారు, సూడు.”

లోపలి అతుకు కూడా చూపించాడు. ఎండాకాలంలో ఈ కారుకే తాను వేసిన పంచరట. రెండో కారు టైర్లు కావవి, పాతవే. మావయ్యకు బుడిపె దొరకకపోవడానికి కారణం అక్కడ నాకు తెలిసింది.

మావయ్య మంచితనం గురించి ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆయన్ను వాన చంపలేదని తెలియాలి, అందుకే ఇది రాస్తున్నాను. చీలిన టైరు పోలీసు స్టేషన్‌లో అప్పజెప్పి ఫిర్యాదు రాసిచ్చాను. అది ఎప్పుడు తేలుతుందో తెలియదు. ముందు వైపు రెండో టైరు షెడ్డులో విప్పించుకుని ఇంటికి తెచ్చి, అత్తకు కూడా చెప్పకుండా, పాకలో పీచు కింద దాచాను. పెద్దకర్మ దాకా ప్రతి పూటా దాన్ని తలచుకుంటూనే అన్నం తిన్నాను. బాబు మీద నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు.

మా ఊళ్లో పెద్దకర్మ భోజనాలకు ఊరి పెద్ద కూర్చున్నాకే మిగతా బంతి కూర్చుంటుంది. బాబు తెల్లబట్టలతో వచ్చి మొదటి విస్తరి ముందు కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. విస్తళ్ల మీద నీళ్లు చల్లారు. నేను టైరు దొర్లించుకుంటూ వచ్చి ఆయన విస్తరి ముందు పడుకోబెట్టాను.

“ఏట్రా ఇది, బోయినాల కాడ?”

“నీదే బాబూ. నువ్వు కోయించిందే.”

“వానకి జారిపోతే నన్నంటావేటి?”

విరిగిన చెయ్యి మెడకు కట్టుకుని గోడవారగా కూర్చున్న పిన్ని అందుకుంది. “వానని మేమేటీ అనం బాబూ. మంచి టైర్లేయించానని అది మాకు కబురెట్టనేదు.”

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

“డ్రైవరన్నాక ఆడు సూసుకోవాల” అన్నాడు బాబు.

“సూసుకున్నాడు. సూసినా తెలీకుండా కోయించినావు” అన్నాను.

పక్కన కూర్చున్నతను టైరు తన వైపు లాక్కుని గాడిలో వేలు పెట్టాడు. అడుగున గోటికి పోగు తగిలింది. టైరు పక్కవాళ్లకు జరిపాడు. బంతి పొడవునా టైరు చేతులు మారింది. ఇంట్లో పేషెంట్లున్నవాళ్లు ఎక్కువసేపు పట్టుకున్నారు. అత్త గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నన్ను ఆపలేదు.

“రేపు నాకు డయాలసిస్సు. ఇంక బాబు రెండో కారు కూడా ఎక్కను, నాను బస్సెక్కుతాను. నాతో ఎవలొత్తారు?” అంది పిన్ని.

“నానొత్తానప్పా” అంది పిన్నిని అక్క వరస పిలిచే పేషెంటు ఒకావిడ. తర్వాత ఇంకొకరు. బాబు ఎవరి వైపూ చూడలేదు.

వడ్డన మొదలవకముందే బాబు లేచి వెళ్లిపోయాడు. పిన్నీ, మరో ముగ్గురు పేషెంట్లూ మర్నాడు మొదటి బస్సుకు టెక్కలి వెళ్లారు.